‘నివారించారు’ అని రాసే ముందు

హన్మకొండ

బిడ్డా,

డెస్కులో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే ‘నివారించారు’ అన్న మాట మీద ఇన్‌ఛార్జితో పేచీ పెట్టుకున్నావట. సంతోషం. ‘ప్రెస్‌నోట్‌లో అలాగే ఉంది కదా, మార్చడానికి నేనెవరిని?’ అని అడిగావు. మార్చు. ప్రెస్‌నోట్ రాసినాయన తన ఉద్యోగం తాను చేశాడు. నీది వేరే ఉద్యోగం.

ఈ క్రియతో ఒక చిక్కుంది. ‘గోడ కూలింది’, ‘కాలనీ మునిగింది’ అని రాస్తే ఎవరైనా వెళ్లి చూసి రావచ్చు. ‘ముప్పును నివారించారు’ అన్నాక చూడటానికి అక్కడ ఏమీ ఉండదు. జరగని దానికి సాక్ష్యం చెబుతున్నావన్నమాట. అది జరిగి ఉండేదేనని ఒక పూచీ, వీళ్లు చేసిన పని వల్లే ఆగిందని ఇంకో పూచీ. పొద్దున పేపర్ చదివేవాడికి ఈ రెండూ నీ మాట మీదే అందుతాయి.

ఆ రెండు పూచీలూ ఇవ్వగలిగిన సందర్భం ఒకటి చెబుతా. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు, ఎవరినైనా అడుగు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. 2000 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుందని భయం. ఏళ్ల తరబడి కూర్చుని సరిచేశారు. జనవరి 1న బ్యాంకులు తెరుచుకున్నాయి, విమానాలు ఎగిరాయి, ‘ఇంతోటి దానికి అంత హడావుడా’ అని జనం నవ్వారు. కానీ సరిచేయని ప్రోగ్రాముకు తేదీ మార్చి ఇస్తే ఏమవుతుందో వాళ్లు ముందే నడిపి చూశారు. అందుకే అక్కడ ‘నివారించారు’ అని ధైర్యంగా రాయొచ్చు. ఇంత గట్టి రుజువు మన జిల్లా పేజీకి ఎప్పుడోగానీ దొరకదు.

2023 జూలై వానలు నీకు గుర్తుండే ఉంటాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మోరంచపల్లి మునిగి, ఇళ్ల కప్పులెక్కిన జనాన్ని సహాయక బృందాలు వచ్చి కాపాడాయి. కొందరు కొట్టుకుపోయారు. రెండు రోజులకు పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడితే ఇసుక బస్తాలేసి నిలబెట్టారు. ఇలాంటి వార్తలన్నిటికీ ‘పెను ప్రమాదాన్ని నివారించిన అధికారులు’ అని ఒకే హెడ్డింగు పెట్టేస్తుంటారు. గండి పూడ్చినవాళ్ల కష్టం తక్కువదని కాదు. గండి పడ్డాక చేసేది నష్టం పెరగకుండా ఆపడం, అంతే రాయాలి. ఎండాకాలంలోనే కట్ట మీది బొరియలు పూడ్చి, మత్తడికి అడ్డంగా మొలిచిన చెట్లు కొట్టించిన నీరటి చేసింది నివారణ. అతని ఫోటో మనం ఎన్నడూ వేయలేదు. వేయడానికి అతని చెరువుకు ఏమీ కాలేదు మరి!

తక్కిన క్రియలను కూడా కలిపి కొట్టకు. బస్సు రెయిలింగుకు తగిలి ఆగితే ప్రమాదం తప్పింది. డ్రైవర్ స్టీరింగు తిప్పితే తప్పించాడు. డెంగీ మొదలయ్యాక దోమల మందు కొట్టడం అరికట్టడం.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి, ముందస్తు అరెస్టులు. ‘చలో హైదరాబాద్’ అని ఎవరు పిలుపిచ్చినా తెల్లారేసరికి ఠాణాల్లో కూర్చోబెట్టినవాళ్ల ఫోటోలు మన వాట్సాప్‌లో ఉంటాయి. ఆ హెడ్డింగు అరిగి అరిగి, దేనికి ముందస్తు అని అడగడమే మానేశాం. పోలీసులు సాధారణంగా చూపేది సీఆర్‌పీసీ 151వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 170. కాగ్నిజబుల్ నేరానికి పథకం ఉందని అధికారికి తెలిసి ఉండాలి, ఇంకో దారిలో దాన్ని ఆపలేమని ఆయనకు తోచాలి. అప్పుడే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. వేరే చట్టం ఆధారం లేకుండా 24 గంటలు దాటి ఉంచుకోకూడదు. మరి ఇంటి గేటు ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి బయటికి రానివ్వకపోవడం ఏ సెక్షన్ కింద? మర్యాదగా అడుగు, జవాబు రాకపోతే రాలేదని రాయి.

‘అల్లర్లు నివారించేందుకు అంగన్‌వాడీ టీచర్లను అదుపులోకి తీసుకున్నారు’ అని నువ్వు రాస్తే, వాళ్లు అల్లర్లు చేయబోయారని నువ్వే తీర్పు చెప్పినట్టు. ‘అల్లర్లు జరుగుతాయన్న అనుమానంతో తీసుకొచ్చామని ఇన్‌స్పెక్టర్ చెప్పారు’ అంటే అనుమానం ఎవరిదో వాళ్ల దగ్గరే ఉంటుంది. రెండు మాటలు ఎక్కువవుతాయి, స్థలం లేదని డెస్కు గొణుగుతుంది. గొణగనీ.

పీడీ యాక్ట్ దగ్గర ఇంకా జాగ్రత్త. 1986 నాటి ఆ చట్టం కింద మనిషిని విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచవచ్చు. తెలంగాణలో దాని కింద ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు 2022లో, 2023లో, 2024లో కొట్టేసింది. లా అండ్ ఆర్డర్‌కు ఇబ్బంది వేరు, పబ్లిక్ ఆర్డర్‌కు భంగం వేరు అన్నది ఆ తీర్పుల్లో ముఖ్యమైన మాట. ఒకరి మీద చీటింగ్ కేసు ఉందంటే ఊరి బతుకంతా తలకిందులవుతుందని అర్థం కాదు. మన భాషలో రెంటినీ ‘శాంతిభద్రతలు’ అనే రాసేసి ఆ తేడాను మనమే మింగేస్తున్నాం.

అన్నట్టు, నీ రామప్ప ఫీచరు చూశాను. పునాది కింద ఇసుక ఉన్నమాట, 1213 నుంచి గుడి నిలిచి ఉన్నమాట నిజమే. ‘కాకతీయ శిల్పులు భూకంపాలను నివారించారు’ అన్న వాక్యం మాత్రం కొట్టేయి. భూకంపాన్ని ఎవరూ నివారించలేరమ్మా, తట్టుకోవడమే.

మే నెలలో వీలు చేసుకుని రెండు మూడు చెరువు కట్టలు ఎక్కిరా. తూము, మత్తడి, కట్ట మీది చెట్లు ఎలా ఉన్నాయో తేదీ వేసి రాసుకో, ఫోటోలు తీసుకో, మరమ్మతుకు డబ్బు మంజూరైందా, పని మొదలైందా అని ఇరిగేషన్ ఏఈని అడుగు. జూలైలో ప్రెస్‌నోట్ వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని క్రియ ఎంచుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాత