హైదరాబాద్–ఢిల్లీ: గగన దూరం, ప్రయాణ కాలం

గగన దూరం సుమారు 1,250 కి.మీ. ఇది గోళంపై రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం; పేరు మహావృత్త మార్గం. రైలు, రోడ్డు దూరాలు ఇంతకంటే ఎక్కువ.

విమానం గంటకు 800 కి.మీ. వేగంతో వెళ్తుందని లెక్కిస్తే గంటా 34 నిమిషాలు. టికెట్‌పై మాత్రం రెండు గంటలు దాటుతుంది. విమానం నేలపై కదలడం, పైకి ఎగరడం, దిగడం అన్నీ అందులో కలుస్తాయి. పరీక్షలో అభ్యర్థులు తడబడేది ఇక్కడే, జాగ్రత్త.

విమానయానంలో దూరం, వేగం కొలతలు: నాటికల్ మైలు = 1.852 కి.మీ. నాట్ = గంటకు ఒక నాటికల్ మైలు. (తరచూ అడిగేది)

హైదరాబాద్ (శంషాబాద్) విమానాశ్రయం ప్రారంభం: 2008 మార్చి.

అంతర్జాతీయ పౌర విమానయానంపై షికాగో ఒప్పందం: 1944 డిసెంబర్ 7. ఏటా డిసెంబర్ 7 అంతర్జాతీయ పౌర విమానయాన దినోత్సవం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) ప్రధాన కార్యాలయం: మాంట్రియల్, కెనడా. ఈ మూడూ తప్పక గుర్తుంచుకోండి.