ఫుట్‌బాల్ క్రీడలో స్థానధర్మము

పన్నెండేండ్ల బాలురకు ఒక బంతినిచ్చి మైదానమున విడిచినచో అందరును బంతి చుట్టునే మూగుదురు. బంతి వెంట పరుగెత్తుట ఎవరును నేర్పకయే వచ్చును. బంతి దూరముగా ఉన్నపుడు తానెక్కడ నిలువవలెనో తెలియుట మాత్రము నేర్పినగాని రాదు. ఫుట్‌బాల్ బోధనలో ఇదియే ప్రధానాంశము. దీనిని గురించి మేమెరిగినంతలో వివరింపదలచితిమి.

జట్టునందలి పదునొకండుగురిని నాలుగు తెగలుగా విభజింపవచ్చును: గోల్‌కీపర్, బ్యాకులు, హాఫ్‌బ్యాకులు, ఫార్వర్డులు. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల గోలును కాపాడుట గోల్‌కీపర్ పని. ఆటనంతటిని ఎదుట చూడగలవాడు గనుక ముందున్నవారిని హెచ్చరించుటయు అతని బాధ్యతయే. సహచరుడు బుద్ధిపూర్వకముగా కాలితో తనకు పంపిన బంతిని అతడు చేతితో పట్టరాదను నియమము 1992లో వచ్చినది; నాటినుండి పాదనైపుణ్యము అతనికిని అవసరమైనది. బ్యాకు ప్రత్యర్థికిని తన గోలుకును నడుమ నిలువవలెను. తొందరపడి మీదికి దూకక, అతనిని జాగుచేయించి, తనవారు వెనుకకు చేరుటకు వ్యవధి కల్పింపవలెను. హాఫ్‌బ్యాకు వెనుకవరుసకును ముందువరుసకును వంతెన వంటివాడు. ఫార్వర్డు గోలు చేయుటతో పాటు, బంతి చేజారిన క్షణముననే ప్రత్యర్థి బ్యాకును అడ్డగింపవలెను. బంతి పోయినపుడు పదునొకండుగురును రక్షకులే.

ఇవి నల్లబల్లపై గీసి చూపినంత మాత్రమున బాలురకు వంటబట్టవు. మొదట నలుగురేసి జట్లతో చిన్న స్థలమున ఆడింపవలెను: ఒకడు వెనుక, ఇద్దరు ఇరుప్రక్కల, ఒకడు ముందు. ఆట నడుమ ఈల వేసి, అందరిని ఉన్నచోటనే నిలిపి, ఒక్కొక్కనిని మూడు ప్రశ్నలడుగవలెను. బంతి ఎక్కడనున్నది? నీకు దగ్గరి ప్రత్యర్థి ఎవడు? నీవు ముందుకు పోయినచో నీ చోటు ఎవరు కాపాడుదురు? మూడవ ప్రశ్నకు తడుముకొనక బదులు చెప్పిననాడు ఆ బాలుడు జట్టులో సభ్యుడైనట్లే. పిమ్మట ఏడుగురితోను, చివరకు పదునొకండుగురితోను ఆడింపవచ్చును.

ఇక్కడ ఒక ప్రమాదము కలదు. బలహీనుడని తోచినవానిని గోలులో నిలుపుట, వేగము గలవానినే సదా ముందుంచుట మన మైదానములలో పరిపాటి. ఓడిననాడు నింద గోల్‌కీపర్‌పై పడును. ఆ నింద భరింపలేక ఆటనే మానుకొను బాలురు కలరు. బంతి గోలును చేరులోపల ఎందరిని దాటివచ్చినదో శిక్షకుడు అందరికిని చూపవలెను. బాల్యమున ఒకే స్థానమునకు కట్టివేయక, అన్ని స్థానములను వంతులవారీగా ఆడింపవలెనని మా అభిప్రాయము. గోలులో నిలిచి చూచినవాడు గోల్‌కీపర్‌ను తేలికగా నిందింపడు.

పరుని స్థానము నెరుగుట వలని లాభమునకు ఒక నిదర్శనము కలదు. హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచినది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానము పొందినది. జకార్తాలో బ్యాకు జర్నైల్ సింగ్ తలకు గాయమైనపుడు రహీంగారు అతనిని ఫార్వర్డుగా ఆడించిరి. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనలులో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగ్‌దే.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపమొకటి. మైదానమును, బంతులను ప్రథమ జట్టుకే పరిమితము చేయక, క్రొత్తగా చేరిన విద్యార్థులకు వారమునకు రెండు సాయంకాలములైనను కేటాయింపవలెను. విద్యార్థులారా! మీకు ఏ స్థానము లభించినను దానిని చిన్నదిగా తలపకుడు. మీరు విడిచిన చోటునుండియే ప్రత్యర్థి వచ్చును.