అడిగినవారికి చూపవలసిన దారి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి రాసేది.

హెచ్.ఐ.వి. గురించి నమ్మదగిన సమాచారం అంటే తప్పులేని వాక్యం ఒక్కటే కాదు. ఆ వాక్యం చెప్పినవారు మరునాడూ మరుసటి ఏడాదీ అదే చోట దొరకాలి, చెప్పినదానికి జవాబుదారీ వహించాలి, అడిగినవారి పేరు ఆ గది గడప దాటకుండా చూడాలి. వీటిలో ఏది లోపించినా, ఎంత శాస్త్రీయమైన మాటైనా కర్ణాటక సరిహద్దులోని రొళ్ల వంటి చోట మనిషిని ఆసుపత్రి దాకా తీసుకువెళ్లలేదు. వక్క తోటల్లో పనిచేసేవారు, మందుల షాపు నడిపేవారు, ఆశా కార్యకర్త, బస్సు కండక్టరు అందరూ ఏదో ఒక వరసతో పిలుచుకునే మండలంలో, రక్తపరీక్ష గదిలోకి అడుగుపెట్టడమే ఊరికి చాటింపు వేసినట్టవుతుందన్న భయం అజ్ఞానం నుంచి పుట్టింది కాదు, అనుభవం నుంచి పుట్టింది. ఆ భయమే చాలామందిని దగ్గరలో ఉన్న ఆరోగ్య సిబ్బందిని కాదని, ఊరూ పేరూ తెలియని వైద్యుల వైపు, ఫోన్లలో తిరిగే వీడియోల వైపు నెడుతుంది. అందువల్ల విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కొత్తగా చేరిన మేనకోడలు ముందుగా అలవరచుకోవలసింది మందుల పేర్లు కాదు, విన్నది కడుపులో దాచుకునే పద్ధతి.

ఆ తరువాత మాటల అర్థాలు తేటపడాలి. హెచ్.ఐ.వి. అనేది ఒక వైరస్ పేరు. అది రక్తంలోని తెల్లకణాల్లో సీడీ4 అనే రకాన్ని, అంటే శరీర రక్షణ వ్యవస్థను నడిపించే కణాలను, క్రమంగా నాశనం చేస్తుంది. చికిత్స లేకుండా ఏళ్లు గడిచి, ఘన మిల్లీమీటరు రక్తంలో ఆ కణాల సంఖ్య 200 కంటే తగ్గినప్పుడో, ఆ బలహీనతను ఆసరా చేసుకుని క్షయ వంటి తీవ్రమైన జబ్బులు చుట్టుముట్టినప్పుడో ఆ దశను ఎయిడ్స్ అంటారు. కాబట్టి వైరస్ ఉన్న ప్రతివారికీ ఎయిడ్స్ ఉన్నట్టు కాదు. ఈ రెండింటినీ ఒకటిగా పలకడం వల్లనే, పరీక్ష ఫలితం చేతికి రాగానే మరణం గుమ్మంలో నిలిచినట్టు మనుషులు కుంగిపోతున్నారు. మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ ప్రతులు ఉన్నాయో చెప్పే లెక్కను వైరల్ లోడ్ అంటారు. మందులు క్రమం తప్పకుండా వాడేవారిలో ఈ లెక్క పరీక్షకు అందనంతగా పడిపోతుందనీ, ఆ స్థితి నిలిచి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా వారి నుంచి మరొకరికి వైరస్ సోకదనీ పెద్ద అధ్యయనాలు నిర్ధారించాయి. ఇది ప్రతి గ్రామంలోనూ చెప్పవలసిన విషయం, ఇంకా చాలా గ్రామాలకు చేరని విషయం. కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలోనో కాన్పులోనో చనుబాల ద్వారానో అందడం తప్ప ఈ వైరస్‌కు మరో దారి లేదు. పెళ్లి భోజనాల్లో ఒకే పంక్తిలో కూర్చోవడం వల్ల గాని, ఒకే చెంబుతో నీళ్లు తాగడం వల్ల గాని, దోమకాటు వల్ల గాని అది రాదు.

మన దేశంలో ఈ వైరస్ ఉనికి 1986లో చెన్నైలో బయటపడింది. డాక్టర్ సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరులో పరీక్షించినప్పుడు అది తేలింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే అందరూ నాకో అని పిలిచేది, ఏర్పడింది. వైరస్ వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆనాడు లెక్కకు వచ్చింది. 2000ల తొలి సంవత్సరాల్లో బస్టాండ్లలోనూ గోడల మీదా కనిపించిన, పులిరాజా అనే కల్పిత పాత్రతో సాగిన ఎయిడ్స్ ప్రచార ప్రకటనలు తెలుగువారిని ఈ విషయం బాహాటంగా మాట్లాడుకునేటట్టు చేశాయి. ఆ ప్రచారం చేసిన మేలు తక్కువది కాదు. అయితే ఆ పేరు త్వరలోనే వెక్కిరింత పదంగా మారిపోయింది. మాట అందరి నోటికీ చేరినా, పరీక్ష ఎక్కడ చేస్తారు, ఫలితం ఎవరికి తెలుస్తుంది, ఆ పైన ఏం చేయాలి అన్న ప్రశ్నలకు జవాబు మాత్రం ఆ మాటతో పాటు ఇంటింటికీ చేరలేదు. నేటికీ లోటు అక్కడే ఉంది.

ఆ లోటులోకే నకిలీ వైద్యం చొరబడుతుంది. హెచ్.ఐ.వి.ని శరీరం నుంచి పూర్తిగా తొలగించే మందు, ఊళ్లలో అమ్మే ఏ చూర్ణంలోనూ లేహ్యంలోనూ లేదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల్లోని షెడ్యూల్ జె అనే పట్టిక, ఏ మందైనా నయం చేస్తుందని చెప్పుకోవడానికి వీల్లేని జబ్బుల్లో ఎయిడ్స్‌ను చేర్చింది. కనుక అలా రాసిన సీసా, అలా చెప్పిన ప్రకటన, లోపల ఏముందో చూడనక్కరలేకుండానే నమ్మరానివి. తప్పుడు సమాచారం ఎంత ప్రాణనష్టం కలిగించగలదో దక్షిణాఫ్రికా చరిత్ర చూపుతుంది. అక్కడ ప్రభుత్వ పెద్దలే హెచ్.ఐ.వి. వల్ల ఎయిడ్స్ వస్తుందన్న సత్యాన్ని శంకించి, వెల్లుల్లి, బీట్‌రూట్ వంటివాటిని పొగుడుతూ మందుల పంపిణీని ఆలస్యం చేశారు. 2000 నుంచి 2005 మధ్య ఆ జాప్యం వల్ల 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. వెల్లుల్లి విషం కాదు, బీట్‌రూట్ విషం కాదు. వాటి పేరుతో మందుకు దూరమైన నెలలే మనుషులను చంపాయి. నాటు మందు వాడుతున్నవారిని మందలించడం కంటే, వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మాత్ర మానకుండా చూడడం ముఖ్యమని దీని నుంచి గ్రహించవచ్చు.

పరీక్ష విషయానికి వస్తే, ఐసీటీసీ అనే పేరు గుర్తుంచుకోవాలి. అది సమీకృత సలహా, పరీక్షా కేంద్రం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది, పరీక్ష ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో చేసే తొలి పరీక్ష కేవలం వడపోత. అందులో వైరస్ ఉండవచ్చని సూచన వస్తే, ఐసీటీసీలో వేర్వేరు పద్ధతులు గల మూడు పరీక్షలూ అదే చెప్పినప్పుడే నిర్ధారణ అయినట్టు లెక్క. కాబట్టి ఒక్క వడపోత పరీక్ష చూసి ఎవరికీ హెచ్.ఐ.వి. ఉందని చెప్పడం శాస్త్రరీత్యా తప్పు, మానవత్వరీత్యా అంతకంటే పెద్ద తప్పు. వైరస్ సోకిన తొలి వారాల్లో రక్తంలో ప్రతిరక్షకాలు, అంటే వైరస్‌ను గుర్తించి శరీరం తయారుచేసుకునే పదార్థాలు, పరీక్షకు అందే స్థాయికి రావు. విండో పీరియడ్ అని పిలిచే ఈ వ్యవధి వల్ల, ప్రమాదం జరిగిందన్న అనుమానం ఉన్నవారు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది. సూది గుచ్చుకున్న నర్సుకు గాని, అత్యాచారానికి గురైన స్త్రీకి గాని ఈ నిరీక్షణ వర్తించదు: 72 గంటల లోపల, వీలైనంత తొందరగా నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అటువంటి వేళ ఎక్కడికి పంపాలో ముందే తెలిసి ఉండాలి గాని అప్పుడు వెతుక్కోకూడదు.

చికిత్సను ఏఆర్‌టీ అంటారు; వైరస్ పెరుగుదలను ఆపే మందుల కలయిక అది. 2001లో సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్, అప్పటివరకు ఏడాదికి 10,000 డాలర్లు దాటే ఈ మందులను 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించడం ప్రపంచంలోని పేద దేశాల రోగుల పాలిట మలుపు. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి వీటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి సీడీ4 సంఖ్య ఎంత ఉన్నా, నిర్ధారణ అయిన ప్రతివారికీ చికిత్స మొదలుపెట్టాలన్న విధానం అమలులోకి వచ్చింది. ఇప్పుడు పెద్దవారిలో ఎక్కువమందికి టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిసిన మాత్ర రోజుకు ఒకటి చాలు. ఐరన్, కాల్షియం మాత్రలు, కడుపు మంటకు వాడే కొన్ని మందులు డొలుటెగ్రావిర్ శరీరంలోకి ఇంకకుండా అడ్డుపడతాయి. గర్భిణులకు ఐరన్ మాత్రలు పంచేవారే ఈ సంగతిని ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సిలర్‌తో మాట్లాడి వేళలు సర్దించవలసి ఉంటుంది. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా దాని బలాన్ని తగ్గిస్తుంది గనుక, అక్కడ మోతాదు పెంచేది వైద్యుడే.

ఈ ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. ధర్మవరం దగ్గరి బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అంటే జనం ఆర్‌డీటీ అని పిలిచే సంస్థ, 2000లో ఆసుపత్రి ప్రారంభించి హెచ్.ఐ.వి. రోగుల సేవను తన పనిలో ప్రధాన భాగంగా చేసుకుంది. స్పెయిన్ నుంచి వచ్చిన విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఈ సంస్థకు పునాది వేసి, 2009లో కన్నుమూశారు. ఆయన పేరిట సాగిన హెచ్.ఐ.వి. కోహార్ట్ అధ్యయనం, అంటే ఒకే సమూహానికి చెందిన రోగులను ఏళ్ల తరబడి గమనించే పరిశోధన, ఈ కరవు సీమ పల్లెల రోగుల గతిని ప్రపంచ వైద్య పత్రికలకెక్కించింది. నిర్ధారణ అయిన తరువాత కూడా చికిత్స దాకా చేరకుండా మధ్యలో జారిపోయేవారు ఎందరు, ఎందుకు అన్న ప్రశ్న ఆ పరిశోధనల్లో ముఖ్యమైనది. మందు ఉచితంగా దొరుకుతున్నప్పుడు మనిషిని పోగొట్టుకునేది ఆ దారిలోనే: ఐసీటీసీ గదికీ ఏఆర్‌టీ కేంద్రానికీ మధ్య ఉన్న బస్సు ప్రయాణంలో, కూలి పోయే రోజులో, ఇంట్లో చెప్పవలసి వచ్చే అబద్ధంలో.

రొళ్లవారికి ఆ దారి మరీ చిక్కైనది. వెళ్లగల ఊళ్లు హిందూపురం, బత్తలపల్లి ఒక వైపు, కర్ణాటకలోని శిర, తుమకూరు మరో వైపు. అనేక ఇళ్లలో మాట కన్నడం, కాగితం తెలుగు. పని వెతుక్కునేది బెంగళూరులో. ఊరివారి కళ్లకు కనబడకుండా సరిహద్దు దాటి మందు తెచ్చుకోవాలనుకునేవారిని తప్పుపట్టనక్కరలేదు, ఏ కేంద్రంలోనైనా నమోదై మందు మానకుండా వాడితే చాలు. ఒక ఏఆర్‌టీ కేంద్రం నుంచి మరో కేంద్రానికి, రాష్ట్రం మారినా, చికిత్సను బదిలీ చేయించుకునే వీలుంది. చెప్పకుండా మాయమై బెంగళూరులో కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టేవారికి పాత మందుల చరిత్ర పోతుంది, దాని నష్టం రోగికే. 1097 అనే జాతీయ ఉచిత ఫోన్ నంబరు తెలుగుతో సహా పలు భాషల్లో పనిచేస్తుంది, పేరు చెప్పకుండానే అడగవచ్చు. దగ్గరి కేంద్రం ఏదో అక్కడివారు చెబుతారు. మొహం చూపించడానికి ఇష్టపడనివారికి తొలి మెట్టుగా దీనికి మించినది లేదు.

గోప్యత మంచితనం మీద ఆధారపడిన దయ కాదు, హక్కు. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, వ్యక్తి ఎరుకతో ఇచ్చిన అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా వంటి విషయాల్లో వివక్ష చూపడం నిషిద్ధం; రాష్ట్ర స్థాయిలో ఫిర్యాదులు వినేందుకు అంబుడ్స్‌మన్ ఉండాలని చట్టం చెబుతుంది. జీవిత భాగస్వామికి తెలియజేసే విషయంలో వైద్యుడికి పరిమితమైన వెసులుబాటు ఉంది గాని, ముందు సలహా ఇచ్చి, ఆ వ్యక్తే చెప్పేందుకు అవకాశం ఇవ్వాలి. చెప్పడం వల్ల స్త్రీకి హింసో గెంటివేతో ఎదురయ్యే ప్రమాదం ఉన్నప్పుడు ఆమెకు ప్రత్యేక రక్షణ ఉంది. చట్టం ఈ సున్నితత్వాన్ని గుర్తించింది. అత్తకో ఆడపడుచుకో మంచి మనసుతోనే అయినా సమాచారం అందించే ఆరోగ్య కార్యకర్త ఆ రక్షణను ఒక్క మాటతో చెరిపేసినట్టవుతుంది.

ఆసరాగా అందేవి చిన్నవే అయినా చెప్పడం మరచిపోకూడదు. క్రమం తప్పకుండా ఏఆర్‌టీ వాడుతున్నవారికి రాష్ట్రంలో పింఛను ఉంది, 2024లో దానిని నెలకు 4,000 రూపాయలకు పెంచారు. దరఖాస్తు సంగతి కేంద్రంలోని కౌన్సిలర్ ద్వారా నడిపించడం మేలు, ఊరి కార్యాలయంలో నలుగురి ముందు జబ్బు పేరు పలకవలసిన అవసరం రాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం రావడంతో హిందూపురం దాకా చార్జీ లేదన్న సాకు ఒకటి తగ్గింది. ఆస్తి నుంచి గెంటివేసిన వితంతువుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, న్యాయసహాయానికి జాతీయ ఫోన్ నంబరు 15100. బతుకు మీద విరక్తి చెందినట్టు మాట్లాడేవారికి 2022 అక్టోబరులో మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్, 14416, ఉంది. ఆ నంబరు చేతికిచ్చి పంపించివేయకుండా, పక్కన కూర్చుని కలిపి ఇవ్వాలి.

మందు మానేసి నెలల తరువాత తిరిగి వచ్చినవారు అందరికంటే సిగ్గుపడుతూ వస్తారు. ఎందుకు మానేశావన్న ప్రశ్న వారిని గుమ్మం నుంచే వెనక్కి పంపుతుంది. ఆ ప్రశ్న కౌన్సిలర్ నెమ్మదిగా అడుగుతారు. విలేజ్ క్లినిక్‌లో అడగవలసింది చికిత్స వివరాలు రాసే ఏఆర్‌టీ పుస్తకం ఉందా, రేపు ఉదయం కేంద్రానికి వెళ్లే బస్సు ఎక్కగలరా, తోడు ఎవరైనా కావాలా అన్నవే. పుస్తకం పోగొట్టుకున్నా, చినిగినా, భర్త చించేసినా పర్వాలేదని, కేంద్రంలో వారి నమోదు అలాగే ఉంటుందని వెంటనే చెప్పాలి.

ఇట్లు
శుభాశీస్సులతో
మేనమామ