సంకల్పమునకు దేశకాలములు

తిరుమల కొండను కాలినడకన ఎక్కెదమని మ్రొక్కుకొను గృహస్థులు అనేకులు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీవారిమెట్టు దారిలో దూరము తక్కువ, మెట్లు 2,388. మ్రొక్కిననాటి ఉత్సాహము గాలిగోపురము చేరకమునుపే ఆయాసముగా మారుట పెక్కుమందికి అనుభవమే. అలిపిరి మొదలు అంతవరకు నిటారైన ఎక్కుడు, పిదప కొంత సమతలము, తుదకు మోకాళ్ళపర్వతము. ఏడాది పొడవునా కుర్చీకి అలవాటుపడిన దేహమును ఒక్క తెల్లవారుజామున ఇంతటి శ్రమకు పూన్చుట భక్తి కాదు, తొందరపాటు.

దేహమును కొన్ని నెలల ముందుగా సిద్ధపరచుకొనవలెనని అందరికిని తెలియును. రేపటి నుండి నడతుమని అననివారు లేరు. ఆ రేపు రాకుండుటకు సోమరితనమొక్కటే కారణమనుకొనుట సరికాదు. సంకల్పము చేయు తీరులోనే లోపము గలదు.

నిత్యపూజలో సంకల్పము ఎట్లు చెప్పబడుచున్నదో గమనింపుడు. పూజ చేసెదనని మాత్రము పలికి ఊరకుండరు. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, తాము కూర్చున్న ప్రదేశము, గోత్రము, పేరు, ఇవన్నియు చెప్పిన మీదటనే చేయబోవు కర్మను పేర్కొందురు. దేహసాధనకును ఇదియే మార్గము. ఆరోగ్యము చూచుకొందుననుట కోరిక మాత్రమే. ఉదయము తులసికోటకు నీరు పోసిన వెంటనే ఊరి కోనేటి చుట్టు రెండుమార్లు నడతుననుట సంకల్పము. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు అని ముందే నిశ్చయించుకొన్నవారు అనుకొన్న పనిని ఎక్కువగా నెరవేర్తురని జర్మన్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్ 1999లో వ్రాసెను. మన పురోహితులకు ఈ మాట వింతగా తోచదు.

ఇక పరిమాణము. బలవంతులైనను చలికాలమునందును వసంతమునందును సగము శక్తి మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన కాలములలో ఇంకను తగ్గించవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. తొలివారమే ఒళ్ళు హూనము చేసికొని రెండవవారము మంచమెక్కువారికి ఈ నియమము మిక్కిలి అవసరము. ఆహారవిహారములలో మితమునే గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. ఏకాదశినాడు అన్నము మాని, అంతకు రెట్టింపు ఫలహారము చేయువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు!

అన్నిటికంటె చిక్కైనది తప్పిపోయిన దినము. చుట్టములు వత్తురు, వాన కురియును, జ్వరము తగులును. ఒకనాడు తప్పగానే ఇక వ్రతము చెడినదని పూర్తిగా విడిచిపెట్టువారే ఎక్కువ. సంధ్యావందనమున వేళ మించినచో ఏమి చేయుదురు? ప్రాయశ్చిత్తార్ఘ్యము ఒకటి అదనముగా ఇచ్చి, కర్మను యథావిధిగా కొనసాగింతురు, మానరు. లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసమందును, నడుమ ఒక దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడదని తేలినది. అలవాటు కుదురుటకు కొందరికి 18 దినములు, కొందరికి 254 దినములు పట్టవచ్చుననియు, మధ్యస్థముగా 66 దినములనియు వారి లెక్క. కావున బ్రహ్మోత్సవములకు నడచి వెళ్ళదలచినవారు శ్రీరామనవమి నాటికే కోనేటిగట్టు ఎక్కుట మేలు.

హృద్రోగము, ఉబ్బసము, అధిక రక్తపోటు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. వలదన్నచో వారికి బస్సు గలదు. కొండపై వారికిని అదే దర్శనము, అదే తీర్థము.