మూడో పరమాణువు ఎటు తిరగాలి?

ఢిల్లీ ఐఐటీ పక్కనున్న కటవారియా సరాయ్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అద్దె గదులు పంచుకుని ఉంటారు. ఒక గదిలో ఇద్దరున్నారనుకుందాం. ఒకరు పగలు, మరొకరు రాత్రి చదువుకుంటే ఒకరికొకరు అడ్డురారు. అద్దె కలిసొస్తుందని మూడో వ్యక్తిని చేర్చుకుంటే? అతను పగలు ఎంచుకున్నా, రాత్రి ఎంచుకున్నా ఎవరో ఒకరితో పేచీ తప్పదు.

కొన్ని లోహపు పొరల్లో పరమాణువులదీ ఇదే అవస్థ. ఒక్కో మాంగనీసు పరమాణువును చిన్న అయస్కాంత సూదిగా ఊహించుకోండి. పక్కపక్క సూదులు ఎదురెదురు దిశల్లో నిలవడానికి మొగ్గు చూపితే దాన్ని యాంటీఫెర్రోమాగ్నెటిజం అంటారు. చదరపు గళ్లలో ఇబ్బంది లేదు, చదరంగం బల్లలా ఒకటి పైకి, ఒకటి కిందికి. త్రిభుజాల అల్లికలో మూడో సూదికి దారి ఉండదు. భౌతికశాస్త్రంలో దీన్నే ‘ఫ్రస్ట్రేషన్’ అంటారు. సూదులు పైకి, కిందికి మాత్రమే చూడగలిగితే ఈ అల్లికలో పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద కూడా క్రమం ఏర్పడదని 1950లో గ్రెగరీ వానియర్ లెక్కగట్టాడు.

నిజమైన సూదులు ఏ దిక్కుకైనా తిరగగలవు. అందుకే రాజీ కుదురుతుంది: మూడూ 120 డిగ్రీల ఎడంతో నిలుస్తాయి. వెండి స్ఫటికంపై ఒక్క పరమాణువు మందంతో పరిచిన మాంగనీసు పొరలో ఈ అమరికను 2008లో నేరుగా చూశారు. అందుకు వాడింది స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. దాని మొనకూ అయస్కాంతత్వం ఉంటే, మొన దిశకూ కింది పరమాణువు దిశకూ ఉన్న పొంతనను బట్టి విద్యుత్ ప్రవాహం మారుతుంది.

నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది మరో అమరిక. కాస్త దూరపు పొరుగు పరమాణువుల ప్రభావం కూడా కలిస్తే, ఒక వరుస మొత్తం పైకి, పక్క వరుస మొత్తం కిందికి నిలవవచ్చు. త్రిభుజాల అల్లికలో వరుసలు గీయడానికి మూడు దిక్కులున్నాయి. ఇద్దరిద్దరి మధ్య పేచీలనే లెక్కిస్తే ఈ మూడింటికీ శక్తి సమానం. మూడింటినీ సమపాళ్లలో కలిపినా అంతే! అలా కలిపితే నాలుగు సూదులు చతుర్ముఖి కేంద్రం నుంచి నాలుగు మూలలకు చూస్తున్నట్టు నిలుస్తాయి. ఏ రెండింటి మధ్యనైనా సుమారు 109.5 డిగ్రీల కోణం. పొర చదునైనదే, అమరిక మాత్రం మూడు కొలతలది.

రాగిపై మాంగనీసు పొరలో ఇలాంటిది ఉండాలని జర్మనీ సిద్ధాంతవేత్తలు 2001లో అంచనా వేశారు. ప్రయోగంలో అది దొరికింది 2020లో, రాగిపై కాదు, రీనియంపై. పెద్ద బలాల మధ్య తేడా లేనప్పుడు, నాలుగేసి పరమాణువులు కలిసి చూపే బలహీన ప్రభావాలే తీర్పు చెబుతాయి.

ఆ తీర్పు ఎంత సున్నితమో చూడండి. రీనియం ఉపరితలంపై మాంగనీసు కూర్చోగల గుంటలు రెండు రకాలు. ఒక రకం గుంటల్లో కూర్చుంటే చతుర్ముఖి అమరిక, రెండో రకంలో కూర్చుంటే మామూలు వరుసల అమరిక. లోహాలు అవే.