పెళ్లి మండపంలో ఫోకస్ పాయింట్: చేయవలసినవి, చేయకూడనివి

ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉన్నా, పెళ్లి ఫోటోగ్రాఫర్ కెమెరాను కంటికి ఆనించేది సాయంత్రం ఎదుర్కోళ్ల నుంచే. అప్పగింతలయ్యేదాకా దించే వీలుండదు. అన్ని గంటలూ కుడి చేతి బొటనవేలికి ఒకటే పని: వ్యూఫైండర్‌లో కనిపించే ఫోకస్ పాయింటును కావలసిన ముఖం మీదికి జరపడం. అది సుఖంగా సాగకపోతే ముందు ఫోటోలు చెడతాయి, తర్వాత వేలు, మెడ నొప్పి పెడతాయి. అందుకే వేలికి పని తగ్గించే ఏర్పాట్లన్నీ మండపం ఎక్కకముందే పూర్తి చేసుకోవాలి.

చేయవలసినవి

ముందు వ్యూఫైండర్‌ను మీ చూపుకు సరిపెట్టే డయాప్టర్‌ను సరిచేసుకోండి. ఐపీస్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పుతున్నప్పుడు ఎదుటి దృశ్యాన్ని చూడకండి. ఫోకస్ పాయింటు గీతల్నీ, కింద కనిపించే అంకెల్నీ చూడండి. అవి స్పష్టంగా కనిపించిన చోట ఆపండి. కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోలు తీసేవారు అద్దాలతోనే ఈ పని చేయాలి.

సింగిల్ పాయింట్ పెట్టుకుని, ఆ పాయింటును మీరే ఎంచుకోండి. ఎంపిక కెమెరాకు వదిలేస్తే అది చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. జీలకర్ర-బెల్లం వేళ అది అడ్డుతెర కావచ్చు, పురోహితుడి చెయ్యి కావచ్చు. తలంబ్రాలప్పుడు గాలిలో ఉన్న బియ్యం కావచ్చు. మూడుముళ్లు మళ్లీ వేయించలేం కదా!

పాయింట్లు ఎక్కువున్న కెమెరాలో వేలికి తిరుగుడు ఎక్కువ. నికాన్ డి750లో 51 పాయింట్లుంటే, మెనూలోకి వెళ్లి 11కి తగ్గించుకోవచ్చు. ఒక అంచు దాటగానే పాయింటు అవతలి అంచున కనిపించే సెట్టింగు కూడా అందులో ఉంది. కానన్ 1500డిలో ఉన్నవి 9 పాయింట్లే అయినా, ముందు ఒక బటన్ నొక్కి ఆ తర్వాతే బాణాల బటన్లతో జరపాలి. కంటి నుంచి కెమెరా తీయకుండా ఆ బటన్లన్నీ తడుముకుని పట్టుకోవడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

బ్యాక్ బటన్ ఫోకస్, అంటే షట్టర్ బటన్‌తో కాకుండా కెమెరా వెనకనున్న బటన్‌తో ఫోకస్ చేయడం, మంచిదని చాలామంది చెబుతారు. పోర్ట్రెయిట్లకు నిజంగానే మంచిది. పెళ్లిలో మాత్రం ఒక చిక్కుంది: ఫోకస్ బటన్ నొక్కాల్సిందీ, పాయింటును జరిపే జాయ్‌స్టిక్ తిప్పాల్సిందీ ఒకే బొటనవేలు. రెండూ ఒకేసారి కుదరవు. జనం కదులుతూనే ఉండే ఘట్టాల్లో ఫోకస్‌ను షట్టర్ బటన్ హాఫ్ ప్రెస్‌కే ఉంచి, బొటనవేలిని పాయింటు కోసం వదిలేయడం మేలని నా అభిప్రాయం.

నిలువు ఫ్రేములు ఎక్కువగా తీసేవారు బ్యాటరీ గ్రిప్ వాడండి. లేకపోతే కుడి మోచెయ్యి గంటల తరబడి పైకెత్తే ఉంచాలి; భుజం పట్టేస్తుంది. లెన్సు బరువు ఎడమ అరచేతి మీద ఉండాలి. బరువు కుడి చేతి మీద పడితే బొటనవేలు బిగుసుకుపోయి జాయ్‌స్టిక్ మీద ఆడదు.

చేయకూడనివి

దగ్గరి పోర్ట్రెయిట్లలో మధ్య పాయింటుతో ఫోకస్ చేసి ఆపై కెమెరా తిప్పి ఫ్రేము కట్టకండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై 85 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/1.8 అపెర్చర్, 2 మీటర్ల దూరం అనుకుంటే, పదునుగా వచ్చే లోతు మొత్తం సుమారు 6 సెంటీమీటర్లే. ముందుకు సగం, వెనక్కి సగం. కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే చాలు, ఫోకస్ 3 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పెళ్లికూతురి కళ్లు మసకేసి చెవి బుట్టలు మెరుస్తాయి. పాయింటునే కంటి మీదికి జరపండి. బాసికం మీద పెట్టకండి. గీతలూ మెరుపూ ఉండటంతో ఫోకస్ దాన్ని సులువుగా పట్టేస్తుంది కానీ, అది కంటికి కాస్త ముందుంటుంది.

మసక వెలుతురులో అంచు పాయింట్లను అతిగా నమ్మకండి. డి750లో నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టగల క్రాస్ టైప్ పాయింట్లు 15 మాత్రమే, అవి మధ్యలో ఉన్నాయి. 1500డిలో అలాంటిది మధ్య పాయింటు ఒక్కటే. తెల్లటి పంచె మీద పాయింటు పెట్టి ఫోకస్ కోసం వెతికించకండి, జరీ అంచు మీద పెట్టండి.

ఎడమ కంటితో చూసేవారు మిర్రర్‌లెస్ కెమెరాలో టచ్‌తో పాయింటు జరిపే సౌకర్యాన్ని తెర మొత్తానికీ ఆన్ చేయకండి. ముక్కు తగిలి పాయింటు ఎటో పోతుంది. తెరలో ముక్కు తగలని భాగానికే పరిమితం చేసే వీలు చాలా కెమెరాల్లో ఉంది.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, పాయింటు వెతుకుతూ వెనక్కి నడవకండి. మండపం అంచు, లైటు స్టాండ్ల వైర్లు, హోమగుండం, చుట్టూ తిరిగే పసిపిల్లలు ఆ చిన్న కిటికీలో కనిపించరు. అడుగు వేయాలంటే కెమెరా దించాల్సిందే. పగటి పెళ్లిలో డీఎస్ఎల్ఆర్ పొడవాటి లెన్సును సూర్యుడి వైపు తిప్పి చూడకండి. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి ఆ వెలుగు నేరుగా రెటీనా మీద పడుతుంది, చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలైతే స్ప్రే కొట్టుకుని తర్వాతి పెళ్లికి పరిగెత్తకండి. కొన్నాళ్లు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వండి. అయినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించుకోండి.