యోగాభ్యాసము - అన్యదేశీయుల అధికారము

శాస్త్రగ్రంథమును ప్రారంభించునప్పుడు మన పూర్వులు నాలుగు ప్రశ్నలు వేసికొనెడివారు. ఇది యెవరికొఱకు? ఇందు చెప్పబడు విషయమేది? దానివలన కలుగు ప్రయోజనమేమి? వీనికి పరస్పరముగల సంబంధమెట్టిది? అధికారి, విషయము, ప్రయోజనము, సంబంధము అను నీ నాలుగింటికి అనుబంధచతుష్టయమని పేరు. ఇవి తేలినగాని పాఠము ముందునకు సాగదు.

నేడు యోగవిద్య లోకమంతట వ్యాపించినది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2014 డిసెంబరు 11వ తేదీన తీర్మానము చేసి, జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగ ప్రకటించినది. 2016లో యునెస్కోవారు యోగమును మానవజాతి వారసత్వసంపదల పట్టికలో చేర్చిరి. ఇంత వ్యాప్తి కలిగిన పిమ్మట ఒక సందేహము బయలుదేరినది. మన సంప్రదాయమున పుట్టనివారు, మన దేవతలను పూజింపనివారు యోగము నభ్యసింపవచ్చునా? అభ్యసించినచో ఏ మర్యాదను పాటింపవలెను? "యోగము మనది, పరులకు తగదు" అని కొందఱందురు. "యోగము గాలివంటిది, నీరువంటిది, దానికి దేశమేమి, ఋణమేమి?" అని మఱికొందఱందురు. ఈ రెండును సగము సత్యములే. సగము సత్యము పూర్తి అసత్యముకంటె ఎక్కువ చిక్కు కలిగించును గాన, పై నాలుగు ప్రశ్నలతోనే విషయమును పరిశీలింతము.

మొదటిది అధికారి. పతంజలి మహర్షి యోగాంగములు ఎనిమిదింటిలో యమమును మొదట నిలిపెను. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను నీ అయిదును జాతి, దేశ, కాల, సమయములను హద్దులు లేక పాటింపబడినప్పుడు సార్వభౌమమగు మహావ్రతము లగునని యాయన నిర్ణయము. చేపలు పట్టువాడు "చేపలను దప్ప మఱి దేనిని హింసింపను" అనిన అది జాతిచేత హద్దు పెట్టుకొన్న అహింస యని భాష్యకారులు వివరించిరి. ఈ సూత్రము నియమముయొక్క పరిధిని చెప్పునదేగాని అధికారిని నిర్ణయించుటకై పుట్టినది కాదు. అయినను దాని ధ్వని స్పష్టమే. ఏ భూమిపై నిలిచినను సడలని వ్రతమును పూనగలవానిని, అతడు పుట్టిన భూమినిబట్టి వెలివేయుట పొసగదు. ద్వారము తెఱచియే యున్నది. కాని ఆ ద్వారమునకు గడప యమము, ఆసనము కాదు. గడప దాటకయే లోపలికి వచ్చితినని చెప్పుకొనుట యెవరికిని చెల్లదు.

ఇట్లు గడప దాటి వచ్చినవారు చరిత్రలో కలరు. 973లో ఖ్వారిజ్మ్ సీమయందు జన్మించిన అల్ బిరూనీ సంస్కృతము నభ్యసించి, పండితుల సాహాయ్యముతో పతంజలి గ్రంథమును వ్యాఖ్యానముతోగూడ అరబ్బీభాషలోనికి తెచ్చెను. తన మతమును విడువలేదు. మన మతమును తనదని చెప్పుకొనలేదు. హిందువులు చెప్పు మాటను హిందువులు చెప్పినట్లే తెలుపుట తన పనియని యెంచెను. వేయి సంవత్సరముల క్రిందటనే పరుల విద్యను గౌరవముతో గ్రహించు మార్గము నాయన చూపెను.

వేఱొక ఉదాహరణము గత శతాబ్దమునకు చెందినది. 1899లో రీగా నగరమున జన్మించిన యూజీనీ పీటర్సన్ అను వనిత, తరువాత ఇంద్రాదేవి యను పేర ప్రసిద్ధురాలయ్యెను. ఆమె 1930వ దశకము చివర మైసూరులో తిరుమలై కృష్ణమాచార్యులవారిని ఆశ్రయించినది. స్త్రీ యనియు, విదేశీయురాలనియు ఆచార్యులవారు మొదట అంగీకరింపలేదు. మహారాజుగారి మాటపై అంగీకరించిన పిమ్మటకూడ ఆహారవిషయమునను, దినచర్యయందును కఠిననియమములు విధించిరి. ఆమె వానినన్నింటిని పాటించినది. ఆమె నిష్ఠను చూచిన గురువే "ఇక నీవు ఇతరులకు బోధింపుము" అని యాదేశించెను. 1939లో షాంఘైయందును, 1947లో అమెరికాకు వెడలి హాలీవుడ్డునందును ఆమె బోధించినది. 2002లో నూఱేండ్లు దాటిన వయస్సున దేహము చాలించినది. ఇచట అధికారము పుట్టుకచేత రాలేదు, ధనముచేత రాలేదు, నియమపాలనచేత వచ్చినది.

రెండవది విషయము. చిత్తమున లేచు వృత్తులను నిలుపుట యోగమని శాస్త్రము. యోగసూత్రములు 195, కొన్ని పాఠములలో 196. వానిలో ఆసనమును గూర్చినవి మూడే. హఠయోగప్రదీపికలో వివరింపబడిన ఆసనములు 15. నేడు శిక్షణశాలలయందు కానవచ్చు అనేకాసనములు ఇటీవలి కాలమున రూపొందినవే. విద్య పెరుగుట దోషము కాదు గాన ఇది చెప్పుటకు మనము సంకోచింప నక్కఱలేదు. కాని ప్రతి భంగిమయు వేదకాలపుదని చాటుట అసత్యము. ఆసనమే యోగమనుటయు అసత్యమే.

మూడవది ప్రయోజనము. పరమప్రయోజనము కైవల్యము. అయినను నడుము నొప్పిచేత బాధపడువాడు, నిద్రపట్టనివాడు యోగశాలకు వచ్చిన తప్పేమియు లేదు. ఫలముకొఱకు మామిడిని నాటినవానికి నీడయు, పరిమళమును వెంట వచ్చునని ఆపస్తంబ మహర్షి ధర్మప్రసంగమున దృష్టాంతము చెప్పెను. నీడకొఱకే వచ్చినవానిని తఱుమవలదు. అతడును "మామిడి యనగా నీడయే, దానికి ఫలము లేదు" అని ప్రచారము చేయకుండవలెను.

నాలుగవది సంబంధము. ఈ వివాదమునకు ఆయువుపట్టు ఇచటనే యున్నది. అమెరికాలోని అలబామా రాష్ట్రమున ప్రభుత్వపాఠశాలలలో 1993 నుండి యోగము నిషేధింపబడియుండెను. 2021లో శాసనము చేసి ఆ నిషేధమును సడలించిరి. కాని ఆసనములకు ఆంగ్లనామములే యుండవలెననియు, మంత్రములు, ముద్రలు ఉండరాదనియు, "నమస్తే" అని పలుకరాదనియు నియమము పెట్టిరి. తమ పిల్లల మతవిశ్వాసమును కాపాడుకొనవలెనను తల్లిదండ్రుల ఆరాటము మనకు తెలియనిది కాదు. మనమును అట్టి తల్లిదండ్రులమే. అయినను "నమస్తే" యనగా "నీకు నమస్కారము" అని మాత్రమే యర్థము. "తే" యనునది యుష్మచ్ఛబ్దమునకు చతుర్థీవిభక్త్యేకవచన రూపము. ఎదుటివానికి వంగుటయందు మతభంగ మేమున్నది? పేరు తొలగించినచో ఆ బాలునకు వ్యాయామము మిగులును గాని, అది యెవరి యింటినుండి వచ్చినదో తెలియు మార్గము మూసికొనిపోవును.

అన్యదేశీయ సాధకుడు ఏమి చేయవలెనో వేఱుగ వెదక నక్కఱలేదు. యమములే చెప్పుచున్నవి. ఇచ్చినవారి పేరు చెప్పకుండ తనదిగ చూపుకొనుట స్తేయము. గురువుపేరు, గ్రంథముపేరు, ఆసనముపేరు చెప్పుట అస్తేయము. నెల దినములు నేర్చి ఆచార్యుడనని పలుకుట అసత్యము. నేర్చినది నేర్చినంతయే చెప్పుట సత్యము. దేవతల చిత్రములను, ప్రణవమును కాలితో త్రొక్కెడు చాపలపై ముద్రించుట, వానిని కొనుట మనస్సులను నొప్పించు హింస. శిష్యుల నమ్మకమును దుర్వినియోగము చేయకుండుట బ్రహ్మచర్యము. బోధించినందులకు దక్షిణ గ్రహించుట తప్పు కాదు. విద్యకు హద్దురాళ్లు పాతి "ఇది నా సొత్తు" అనుట పరిగ్రహము. ఈ చివరి దోషము పరదేశీయులకే పరిమితము కాదు. మన దేశమునుండి వెళ్లిన యొక శిక్షకుడు 26 ఆసనముల క్రమమునకు స్వామ్యము కోరగా, 2015లో అమెరికా న్యాయస్థానము అది చెల్లదని తీర్పు చెప్పినది.

నేను పాఠశాలనుండి విరమించిన పిమ్మట యోగసూత్రములు చదువుటకు ఒక విదేశీయ యువతి కొంతకాలము మా యింటికి వచ్చెడిది. ఒకనాడు ఆమె, "గురువుగారూ! ప్రణవోచ్చారణకు నా మతము అంగీకరింపదు. అందఱు పలుకునప్పుడు నేను మౌనముగ నుండిన అపచారమగునా?" అని అడిగినది. "అమ్మా! ప్రణవము ఈశ్వరునకు వాచకమని శాస్త్రము చెప్పుచున్నది. అది తెలిసి, నమ్మలేక, మౌనముగ నుండుట ఆ శబ్దమునకు గౌరవమే. తెలియక అలంకారముగ పలుకుటయే అపచారము" అంటిని. పిదప ఆమె మౌనముగనే కూర్చుండెడిది; అర్థమును మాత్రము శ్రద్ధతో అడిగి తెలిసికొనెడిది. పలికెడివారిలో అంత శ్రద్ధ గలవారిని నేను కొందఱినే చూచితిని.

ఇక మన కర్తవ్యము. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు కొందఱు నేడు ఆ దేశపు ఉపాధ్యాయులవద్దనే యోగము నేర్చుచున్నారు. ఆ ఉపాధ్యాయురాలు "పశ్చిమోత్తానాసనము" అని తడబడుచు పలికినప్పుడు, దాని యర్థమేమని పిల్లవాడు ఇంటికి వచ్చి అడుగును. శరీరపు వెనుకభాగమునకు, అనగా వీపువైపునకు, పశ్చిమమని పేరనియు, ఉత్తానమనగా బాగుగ చాచుటయనియు చెప్పగల తల్లిదండ్రులు ఎందఱున్నారు? ఇంటివారే పేరు మఱచినపుడు, అతిథి పేరు చెప్పలేదని నిందించుట న్యాయమా? పరులు మన విద్యను గౌరవింపవలెనని కోరువారు తామును దినమునకు ఒక్క సూత్రమునైనను అర్థముతో చదువవలెను. పిల్లలకు ఒక్క యమమునైనను ఆచరణచే చూపవలెను. వచ్చి అడిగినవారికి విసుగులేక చెప్పవలెను.

కావున ఫలితార్థమిది. యోగమునకు అధికారము శ్రద్ధవలన కలుగును. మర్యాద కృతజ్ఞతవలన కలుగును. శ్రద్ధ గలవానిని దూరము చేయుట మనకు తగదు. కృతజ్ఞత లేక గ్రహించుట వారికి తగదు. ఇచ్చువాడు గర్వమును, పుచ్చుకొనువాడు ఋణమును మఱువక యుందురేని గర్వము తగ్గును, ఋణము తీఱును. ఈ పుణ్యవిద్య ఏ దేశమున నెవరు అభ్యసించినను వారి చిత్తమునకు ప్రసన్నతను, లోకమునకు శాంతిని కలిగించుగాక యని భగవంతుని ప్రార్థించుచున్నాను.